పెళ్ళికొడుకు ఇంట్లో నీళ్ళు తాగొచ్చే మనిషి

ఆయన మా ఇంట్లో ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. గడప పక్కన గోడకు వీపు ఆనించి, కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, "పాపా, నీళ్ళు" అనేవాడు. నాకు నలభై దాటినా ఆయనకు నేను పాపనే. చెంబు పైకెత్తి పెదవికి తగలకుండా తాగేవాడు. అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, చెంబు బోర్లించి, మూతి తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు మంచీ చెడూ మొదలుపెట్టేవాడు.

పోయిన నెల నేను బడిలో ఉండగా ఆయన కోడలు ఫోను చేసింది. "అక్కా, మా మామ పోయినాడు" అంది. పొద్దున్నే సద్ది తాగి, ఎండపొడకు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. మంచంలో పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. దినానికి రమ్మని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. నేను ఎనిమిదో తరగతికి పోయి, ఖండాల పటం గోడకు తగిలించి, దాని ముందు చాలాసేపు ఊరికే నిలబడ్డాను. నేను సోషల్ టీచర్ని. పిల్లలు నవ్వుకున్నారు కూడా.

ఆయనది బెళుగుప్ప వైపు ఒక చిన్న పల్లె. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు, తర్వాత గొర్రెల బేరగాడయ్యాడు. సంతలో తువ్వాలు కప్పి, దాని కింద అవతలివాడి వేళ్ళు పట్టుకుని ధర తేల్చేవాడు. పైన మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. పొట్టేలును అమ్మేవాడు ఎంత పొగిడినా ఆయన చెవిన వేసుకునేవాడు కాదు. దాని నోరు తెరిచి పళ్ళు చూసేవాడు, వెన్ను మీద చెయ్యేసి నొక్కేవాడు, పదడుగులు నడిపించేవాడు. అప్పుడుగానీ తువ్వాలు భుజం మీంచి దిగేది కాదు.

ఇన్ని ఊళ్ళు తిరుగుతాడు కాబట్టి జనం ఆయనకు ఇంకో పని కూడా అప్పజెప్పారు. ఆడపిల్లకు సంబంధం వస్తే, "ఒకసారి పోయి చూసి రాప్పా" అని ఆయన్ను పంపేవాళ్ళు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా పెళ్ళికొడుకు ఇంటి ముందు నిలబడి నీళ్ళు అడగడం ఆయన పద్ధతి. తానెవరో చెప్పేవాడు కాదు. మా వైపు ఎండాకాలంలో నీళ్ళంటే మాటలు కాదు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక, బిందెలు రోడ్డు మీద వరసగా పెట్టి వాటి పక్కనే భోజనాలు చేసే ఊళ్ళు మావి. ముక్కూమొహం తెలియని ముసలాయనకు ముందు నీళ్ళిచ్చి తర్వాత ఊరు అడుగుతారా, ఊరూ పేరూ తేలాక నీళ్ళిస్తారా, ముసలి తల్లిని లేపి తెమ్మంటారా, మగపిల్లాడే లేచి తెస్తాడా, అన్నీ చూసేవాడు. ఆ తర్వాత పక్కిళ్ళలో అడిగేవాడు, టీ అంగడిలో అడిగేవాడు. తిరిగొచ్చి "ఇయ్యొచ్చు" అనో "వద్దు" అనో చెప్పేవాడు. ఎందుకు వద్దని అడిగితే మాత్రం నోరు విప్పేవాడు కాదు.

"వాళ్ళింట్లో నీళ్ళు తాగొచ్చినా. వాళ్ళ సంగతి వీధిలో ఎట్ల చెప్తానప్పా" అనేవాడు.

నా పెళ్ళి సంబంధం చూసిందీ ఆయనే. మా నాయనకు ఆయన స్నేహితుడు, అందుకే నాకు పెద్దనాయన. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసే అబ్బాయి ఇంటికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చి "ఇయ్యొచ్చు" అన్నాడు. ఎప్పుడూ లేనిది ఇంకొక మాట కూడా చెప్పాడు. "పిల్లోడు చెంబు కడిగి తెచ్చినాడు" అన్నాడు. ఆ ఒక్క మాట మీద మా నాయన నా పెళ్ళి చేసేశాడు. పదహారేళ్ళ కాపురంలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పు కాలేదు. మా ఆయన గుండెపోటు వచ్చి పోయినప్పుడు, పెద్దనాయన వచ్చి గడప దగ్గరే కూర్చున్నాడు, నీళ్ళు కూడా అడగలేదు.

"నేను మనిషిని చూసినా గానీ, ఆయుస్సును చూడలేకపోతి పాపా" అన్నాడు.

ఇక డాక్టరుగారి సంగతి చెప్పాలి. మా ఆయన పోయిన నాలుగేళ్ళకు నా ఫోనులోకి వచ్చాడు ఆ డాక్టరు. అప్పటికి మా అమ్మాయి అనంతపురంలో హాస్టల్లో చదువుతోంది. కళ్యాణదుర్గంలో అద్దె ఇంట్లో నేనూ, ఒక టీవీ. ఒకరోజు వాడిపోయిన చెనిక్కాయ చేను ఫొటో తీసి నా పేజీలో పెట్టాను. దాని కింద ఎవరో "మీ ఊళ్ళో వాన పడిందా?" అని తెలుగులో రాశారు. ఫొటోలో చెవుల దగ్గర కాస్త నెరిసిన జుట్టు, తెల్ల కోటు. లండన్‌లో గుండె డాక్టరునని, భార్య పోయిందని, ఒక కూతురుందని చెప్పాడు.

మర్నాడు మళ్ళీ అడిగాడు, వాన పడిందా అని. ఆ మర్నాడూ అడిగాడు. మా వైపు చుట్టాలు ఫోను చేస్తే బాగున్నారా అని అడగరు, వాన పడిందా అని అడుగుతారు. మా నాయన అట్లాగే అడిగేవాడు, మా ఆయన ఏ ఊళ్ళో స్తంభం ఎక్కి ఉన్నా ఫోను చేసి అట్లాగే అడిగేవాడు. లండన్‌లో ఉండే మనిషి మా మబ్బు గురించి రోజూ పొద్దున్నే అడుగుతుంటే నేను కరిగిపోయాను. ఆ ఒక్క ప్రశ్నతో వాణ్ని మనవాడనుకున్నాను. ఇంకే ఊరి ఆడమనిషి అయినా ఇంత తేలిగ్గా పడేది కాదేమో.

మిగతావన్నీ నా కళ్ళ ముందే జరిగాయి, నేనే చూడదల్చుకోలేదు. పరిచయమైన వారానికే, ఈ పేజీలో వద్దు, వేరే యాప్‌లో మాట్లాడుకుందాం అన్నాడు. సరేనన్నాను. రెండు వారాలు తిరక్కుండా "నా భార్యా" అని రాశాడు. సంబరపడ్డాను. వీడియో కాల్ చెయ్యమంటే ఫోను కెమెరా పాడైందన్నాడు. గుండెలు కోసే డాక్టరు ఐదు నెలల్లో ఒక ఫోను బాగుచేయించుకోలేడా అని నాకు తట్టలేదు. మన సంగతి అప్పుడే ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుంది అన్నాడు. అది మరీ నచ్చింది, ఎందుకంటే చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. పిల్ల పెళ్ళికి ఎదిగిన ఇంట్లో తల్లి పెళ్ళి మాట ఎట్లా ఎత్తడం?

తర్వాత పార్సిలు వచ్చింది. వచ్చిందంటే రాలేదు, ఢిల్లీ విమానాశ్రయం దాకా వచ్చి ఆగిందట. నా కోసం గొలుసు, గడియారం, మా అమ్మాయికి ల్యాప్‌టాప్ పంపానన్నాడు. కస్టమ్స్ నుంచి అంటూ ఒకామె ఫోను చేసి సుంకం కట్టమంది. నా జీతంలో సగం కట్టేశాను. ఆ మర్నాడే మళ్ళీ ఫోను. పార్సిల్లో విదేశీ నోట్లు దొరికాయట, కేసవుతుందట, ఆ డాక్టరును అక్కడే అరెస్టు చేస్తారట. తప్పించాలంటే కట్టాల్సిన మొత్తం ఆమె చెప్పింది. అది కొంచెం అటూ ఇటూగా మా ఆయన పోయినప్పుడు వచ్చి బ్యాంకులో డిపాజిట్ వేసిన డబ్బంత ఉంది. అంత సరిగ్గా ఎట్లా సరిపోయిందంటే, ఆ డిపాజిట్ సంగతి డాక్టరుకు నేనే ఒకరోజు మాటల్లో చెప్పాను కాబట్టి. నేను బ్యాంకుకు పోయి డిపాజిట్ తీయించి, మామూలు ఖాతాలో వేయించుకున్నాను. మా అమ్మాయి పై చదువుకని దాచిన డబ్బు అది. ఇక ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, వెళ్ళిపోతుంది.

ఆ సాయంత్రమే సంత ముగించుకుని పెద్దనాయన వచ్చాడు. నీళ్ళు తాగి, చెంబు బోర్లించి, నా మొహం చూశాడు.

"ఏం పాపా, అట్లుండావు? తిన్నావా?"

"తిన్నాను పెద్దనాయనా."

"పొయ్యి సల్లగుండాది, తిన్నానంటావు."

ఈలోగా ఫోను నాలుగైదు సార్లు మోగింది. మెసేజీల మీద మెసేజీలు.

"ఎవురు పాపా, అంత ఆత్రం పడతాండేది?" అన్నాడు.

ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన నా మొహం కాకుండా కరివేపాకు చెట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు, దానివల్ల చెప్పగలిగానేమో. మొదటినుంచి అంతా చెప్పేశాను. ఈ వయసులో నీకిదేం పోయేకాలం అంటాడని తల వంచుకుని కూర్చున్నాను.

"పెండ్లి చేసుకోవాలనుకునేది తప్పేం కాదు పాపా. ముందే నాతో చెప్పింటే ముందే పోయొచ్చుంటి గదా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. ఐదు నెలలుగా నేను దాచుకున్నది ఆయన మామూలు సంబంధం కింద తీసేసుకున్నాడు.

"పిల్లోనిది ఏ ఊరు?" అని అడిగాడు.

"పిల్లోడేంది పెద్దనాయనా, యాభై రెండేళ్ళు ఆయనకు."

"ఎన్నేండ్లయితే ఏమి, పెండ్లికొడుకే గదా. ఊరేది?"

"లండన్."

"ఆడికి బస్సు లేదు. ఈ పక్క చుట్టాలెవరుండారు?"

"పుట్టపర్తిలో వాళ్ళ అవ్వకు సొంతిల్లు ఉందంట. అందుకే మన వైపు అంటే ఇష్టమంట."

"ఆడికైతే ఉండాది బస్సు" అని కర్ర తీసి పక్కన పెట్టాడు. "ముందు పిల్లోనితో మాట్లాడించు."

డాక్టరుకు ఫోను చేశాను. తీయలేదు. మళ్ళీ చేశాను. తీయలేదుగానీ, మీటింగులో ఉన్నాను, సిగ్నల్ లేదు, రాయి అని మెసేజి వచ్చింది. చదివి వినిపించాను.

"రాసేదానికి ఉండే సిగ్నలు మాట్లాడేదానికి లేకపాయనా?" అన్నాడు పెద్దనాయన. "సరే, రాయి. మా పెద్దనాయన రేపు మీ అవ్వోళ్ళ ఇంటికి పోయి నీళ్ళు తాగొస్తాడంట, ఇల్లు యాడో చెప్పమను."

అట్లాగే రాశాను.  జవాబులు వరసగా వచ్చాయి. మన మధ్యలోకి మూడో మనిషిని ఎందుకు తెచ్చావు, నన్ను నమ్మవా, నేనిక్కడ జైలుకు పోబోతుంటే నీకు ఇల్లు కావాలా. అన్నీ చదివి వినిపించాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"ఇన్నేండ్లలో ఎన్ని ఇండ్లకో పోయినా. ఇచారించేదానికి వస్తామంటే సంతోషపడినోళ్ళుండారు, భయపడినోళ్ళుండారు. కోపం తెచ్చుకున్న ఇంట్లో మటుకు ఒక్కసారి కూడా పిల్లనియ్యమని చెప్పలే" అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఆయనకు పరిచయం లేదు కదా, అందుకే కోపం, అని డాక్టరు తరఫున వాదించాను. ఇల్లు చెప్పమని మళ్ళీ బతిమాలుతూ రాశాను. చివరికి ఒక వీధి పేరు, ఇంటి నంబరు వచ్చాయి. పెద్దనాయనకు చదువు రాదు. అవి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఫొటో కూడా కావాలన్నాడు. వీధి చివర అంగడికి పోయి డాక్టరు ఫొటో కాగితం మీద తీయించుకొచ్చాను. అది చేతిలో పట్టుకుని దూరంగా, దగ్గరగా పెట్టి చూశాడు.

"పండ్లు బాగుండాయి" అన్నాడు.

ఆ స్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది. బస్సు చార్జీలకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "నీ దుడ్లతో పోతే నీకు నచ్చే మాటే చెప్పాలనిపిస్తాది. అట్ల పోను నేను" అన్నాడు. ఫొటోనూ కాగితాన్నీ తలగుడ్డలో దోపుకుని లేచాడు.

"నేనొచ్చేదాకా ఏమీ పంపొద్దు."

"రేపు మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆయన్ను అరెస్టు చేస్తారంట పెద్దనాయనా."

"చెయ్యనీ. సాయంత్రం నేనొచ్చినాక ఇడిపిస్తాం" అన్నాడు.

మర్నాడు నేను బడికి పోయానుగానీ ఏం చెప్పానో నాకే తెలియదు. పదకొండు నుంచి కస్టమ్స్ ఆమె ఫోన్ల మీద ఫోన్లు. డాక్టరు మెసేజీలు ఇంకా ఘోరం. నువ్వు కట్టకపోతే నేను చచ్చిపోతాను, నా కూతురు అనాథ అవుతుంది, ఆ పాపం నీదే. ఫోను చేతిలో పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాను. రెండుసార్లు బ్యాంకు యాప్ తెరిచాను. పెద్దనాయన చెప్పిపోయిన మాట ఒక్కటే అడ్డం పడింది. అంత ఎండలో, ఆ వయసులో ఆయన నా కోసం బస్సులో పోతున్నాడు, ఆయన తిరిగొచ్చేలోగా నేనీ పని చేస్తే ఏ మొహంతో నీళ్ళిస్తాను అనుకున్నాను.

పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా వాన మొదలైంది. ఆ ఏడాది ముంగారు, అంటే తొలకరి, అదను దాటి నెలైనా పడలేదు. జనం విత్తనాలు ఇళ్ళలో పెట్టుకుని ఆకాశం చూస్తున్నారు. ముందు దుమ్ము లేచింది, తర్వాత చినుకులు, తర్వాత ఎదురుగా ఉన్న గుట్ట కనపడనంత వాన. పిల్లలు ఒక్కరు కూడా తరగతిలో నిలవలేదు. హెడ్మాస్టరు కూడా వాన్లోకి పోయి చేతులు చాపి నిలబడ్డాడు. నేను ఆ డబ్బు సంగతే మరిచిపోయాను. ఫొటో తీసి డాక్టరుకు పంపాను. "వాన పడింది" అని రాశాను.

"డబ్బు పంపావా?" అని వచ్చింది.

చూసుకోలేదేమో అనుకుని మళ్ళీ రాశాను. "ఇక్కడ వాన పడుతోంది. ఈ ఏడాది మొదటి వాన."

"టైం లేదు. డబ్బు పంపావా?"

వాన పడిందా అని ఐదు నెలల పాటు రోజూ పొద్దున్నే నన్ను అడిగిన మనిషి ఇతనే. వాన వచ్చిందంటే, ఎంత పడింది, తడిశావా అని ఒక్క ముక్క అడగలేదు.  ఆ ప్రశ్న నా చేను ఫొటో చూసి ఏరుకున్నాడని, నాకది తియ్యగా ఉందని తెలిసి రోజూ ఒక గుక్క పోశాడని అప్పుడు అర్థమైంది. ఫోను ఆపేసి, స్టాఫ్ రూములో బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. పన్నెండు దాటిపోయింది. ఎవరూ చచ్చిపోలేదు, ఎవరూ అరెస్టు కాలేదు.

పొద్దుగూకే వేళకు పెద్దనాయన వచ్చాడు. పూర్తిగా తడిసిపోయి, పంచె మోకాళ్ళకు అంటుకుపోయి ఉంది. ఆ రోజు నీళ్ళు అడగలేదు.

"కడుపు నిండా తాగొచ్చినా పాపా" అన్నాడు. "నువ్వు రాసిచ్చిన నంబరులో ఇల్లు లేదు. ఆశ్రమానికొచ్చేటోళ్ళ చెప్పులు దాచిపెట్టే గది ఉండాది. ఆ వీధిలో ఆరిండ్లకి పోయినా. ఆరిండ్లలోనూ అడగంగానే నీళ్ళిచ్చినారు. ఒకామె మజ్జిగ కూడా ఇచ్చింది. మంచి ఊరు. మీ డాక్టరు మటుకు లేడు. వాళ్ళవ్వా లేదు."

తలగుడ్డ విప్పి ఫొటో తీసి ఇచ్చాడు. తడిసి మెత్తబడింది. ఆ వీధిలోనే ఒక జిరాక్స్ షాపు ఆమె దాన్ని తన ఫోనుతో ఫొటో తీసి వెతికిందట. ఆ మొహం ఇంకో దేశంలో ఉండే పళ్ళ డాక్టరుది, పేరు వేరు, భార్యాపిల్లలతో సుఖంగా ఉన్నాడు. పాపం, తన ఫొటో ఎవరెవరి ఇళ్ళలో తిరుగుతోందో ఆయనకే తెలియదు. ఫొటో వెనక ఆమె పెన్నుతో రాసి పంపింది: "అక్కా, ఇది మోసం. డబ్బు పంపొద్దు. ముందు పంపి ఉంటే వెంటనే బ్యాంకులోనూ పోలీసులకూ చెప్పండి."

"నేను పంపలేదు పెద్దనాయనా" అన్నాను.

ఆయన గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఇంకేమి. సంగటి చెయ్యి, ఆకలైతాండాది" అన్నాడు.

ఆ రోజు ఇద్దరం సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాం. వారం రోజుల తర్వాత నేను కడుపు నిండా తిన్న తిండి అది. మర్నాడు ఆయన్ను తీసుకుని బ్యాంకుకు, అక్కణ్ణించి పోలీస్ స్టేషనుకు పోయాను. మొదట కట్టిన సగం జీతం తిరిగి రాలేదుగానీ ఫిర్యాదు రాసుకున్నారు. మెసేజీలేవీ చెరిపేయొద్దని, అవే సాక్ష్యమని మహిళా కానిస్టేబులు చెప్పింది. "మీరొచ్చినారు మేడం, నయం. సిగ్గుపడి రానోళ్ళే ఎక్కువ" అంది. ఆయన బయట చెట్టు కింద కూర్చుని, లోపలికి రమ్మన్నా రాలేదు. అది నీ సంగతి, నేను వినకూడదు అన్నాడు, అంతా విన్నవాడే.

ఆ తర్వాత మూడేళ్ళు సంతకొచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చాడు. ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం చెంబు బోర్లిస్తూ, "వేరే సంబంధం ఏదన్నా చూడమంటావా పాపా?" అని అడిగాడు. ఇప్పటికొద్దు అని నవ్వాను. సరేనని లేచిపోయాడు.

దినానికి పోయాను. వాళ్ళింటి ముందు పందిరి వేశారు. తిండ్లయ్యాక ఆడవాళ్ళంతా వెనక వైపు కొట్టంలో కూర్చుని ఆయన కబుర్లు చెప్పుకుంటున్నారు. ఏ ఊళ్ళో ఎవరిని ఎట్లా ఏడిపించాడో చెప్పి నవ్వుకుంటున్నారు. కోడలు కూడా ఒకటి చెప్పింది.

"మూడేండ్ల కిందట ఒకనాడు చెప్పకుండా పుట్టపర్తికి పోయినాడు. వానలో తడిసి, మర్నాటికి ఇల్లు చేరి, నాలుగు దినాలు జరంతో లేయలేదు. యాల పోయినావు మామా అంటే గొర్రెలు చూసేదానికి అంటాడు. పుట్టపర్తిలో గొర్రెలేందక్కా?"

జ్వరం సంగతి నాకు తెలియదు. తర్వాతి సంతకు రాలేదేమని కూడా నేను అడగలేదు.

"ముసిలాయనకి ఆడ ఎవురన్నా ఉన్నిందేమోలే" అంది ఒక చుట్టాలామె. అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్విందిగానీ మొహం చిన్నబోయింది.

 నేను నోరు మూసుకుని కూర్చుంటే ఆ మాట అక్కడే తేలిపోయేది, నా గుట్టు నా దగ్గరే ఉండేది. ఆయన ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకుండా దాచింది నా పరువు కోసం. కానీ పోయిన పదకొండో రోజు ఆయన పేరు అట్లా నవ్వులపాలవుతుంటే నేను నా పరువు చూసుకుంటూ కూర్చోలేకపోయాను.

"ఆయన నా కోసం పోయినాడు" అన్నాను.

అంతా చెప్పాను. డాక్టరు, కెమెరా, పార్సిలు, బ్యాంకులోంచి తీయించిన డబ్బు, చెప్పుల గది. ఫోనులో నన్ను భార్యా అన్నాడని కూడా చెప్పాను. చెప్తుంటే ఆ చుట్టాలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు.  చెప్పడం అయ్యాక కోడలు వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మూడేళ్ళుగా ఛాతీ మీద పెట్టుకున్న రాయి దించినట్టయింది నాకు.

తొట్టి పక్కన కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆయన చిన్నకొడుకు వచ్చాడు. ముప్పై ఆరేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. గొర్రెలు మేపేవాడికి పిల్లనిచ్చేవాళ్ళు లేరిప్పుడు. పొద్దున్నుంచి విస్తరి ముందు కూర్చోలేదని వదిన గోల పెడుతూనే ఉంది. అందరం నాయన పోయిన దిగులనుకున్నాం.

"అక్కా, కొట్టం అవతల నిలబడి విన్యా" అన్నాడు నేల చూస్తూ. "నాతో ఒకమ్మాయి మాట్లాడతాది. ఫోన్లో. ఆ పిల్ల ఫోనులో కూడా కెమెరా పాడైంది."

నేను కుళాయి కట్టేశాను.

"దుడ్లు అడిగిందా?"

"వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉండాదంట. రేపు పంపాల. సగం గొర్రెలు బేరం పెట్టినా."

"పంపలేదు కదా ఇంకా?"

"ఇంకా లేదక్కా."

"మీ నాయనకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్తా అక్కా. సిగ్గయినాది."

"నాకూ అయింది" అన్నాను.

వాడు జేబులోంచి ఫోను తీశాడు. కాసేపు దాన్ని బొటనవేలితో తుడుస్తూ నిలబడి, తెరిచి నా తడి చేతిలోనే పెట్టేశాడు. పెట్టేసి పందిట్లోకి పోయి, విస్తరి ముందు కూర్చుని, "వదినా, సంగటెయ్యి" అన్నాడు.